గట్టు చెక్కడం నుంచి ఫిరంగి దాకా

(విజయనగరంలోని ఒక గ్రంథాలయంలో జరిగిన ఆదివారపు సభలో, సర్వే శాఖ నుంచి పదవీ విరమణ చేసిన ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, ఆదివారం సాయంత్రపు విశ్రాంతిని వదులుకొని ఇక్కడికి వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ఇరుగుపొరుగు దేశాల మధ్య సరిహద్దు తగాదా యుద్ధంగా ఎలా మారుతుందో చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఇందుకు చరిత్ర ఆచార్యులు ఎవరినైనా పిలవకూడదా అన్నాను. నేను ముప్పై మూడేళ్లపాటు ఈ రెండు జిల్లాల్లో గొలుసు లాగించి, రాళ్లు పాతించి, ఎఫ్.ఎం.బి. పుస్తకాలు, అంటే పొలాల కొలతలు రాసిన పుస్తకాలు, చంకన పెట్టుకొని తిరిగినవాణ్ణి. అయినా వారు నన్నే ఎందుకు పట్టుబట్టారో తరువాత అర్థమైంది. ఊళ్లో హద్దు తగువు ఎలా పుడుతుందో, ఎలా ముదురుతుందో దగ్గర నుంచి చూసినవాడికి దేశాల తగువులో కొన్ని సంగతులు తొందరగా కనిపిస్తాయి. కొన్ని మాత్రం ఎంత చూసినా మింగుడుపడవు. రెండు రకాలూ మీ ముందు పెడతాను.

మొదట గట్టు దగ్గర నుంచి మొదలుపెడతాను. పక్కపక్క మడులున్న ఇద్దరు రైతుల మధ్య గట్టు మొదట్లో రెండడుగుల వెడల్పు ఉంటుంది. ఏటా దుక్కి వేళ ఒక వైపు రైతు గట్టు సరిచేస్తున్నట్టు పార పట్టుకొని నాలుగు వేళ్ల మందం చెక్కి తన మడిలో కలుపుకుంటాడు. నాలుగు వేళ్ల నేల కోసం పనులు మానుకొని పెద్దమనుషుల చుట్టూ తిరిగేవాడు ఉండడు కాబట్టి రెండో రైతు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. పదేళ్లు గడిచేసరికి గట్టు మీద ఉండవలసిన తాటిచెట్టు పొరుగువాడి వరిమడి నడుమ నిలబడి ఉంటుంది. అప్పుడు ఈ రైతుకు కళ్లు తెరుచుకుంటాయి. కానీ ఈ పదేళ్లలో ఏ ఒక్క రోజునూ చూపించి, ఫలానా రోజున నా భూమి పోయింది అని అతను చెప్పలేడు. ఈ చెక్కుడు విద్య గురించి యుద్ధశాస్త్రం వారు పెద్ద పుస్తకాలే రాశారు గాని, పాలకొండ తాలూకాలో గాని చీపురుపల్లి వైపు గాని ఏ రైతును అడిగినా అరగంటలో చెప్పేస్తాడు.

నేను ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్లకు నాగావళి దగ్గర ఒక ఊళ్లో ఇలాంటి తగువే కొలవడానికి వెళ్లాను. వాది, ప్రతివాది ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. మూల దగ్గర ఉండవలసిన సర్వే రాయి కనిపించలేదు. రెండు గంటలు వెతికిన తరువాత గొలుసు పట్టే మా చైన్‌మన్ వచ్చి, అది చెరువు రేవులో బట్టలుతికే బండగా ఉందని చెప్పాడు. బండ మీద చెక్కిన బాణం గుర్తు సబ్బు నురగ కింద ఇంకా కనబడుతూనే ఉంది. దూరంగా మూడు ఊళ్ల హద్దులు కలిసే చోట ఉన్న ట్రై జంక్షన్ రాయి ఆధారంగా మళ్లీ కొలిస్తే, పెద్దవాడు రెండున్నర సెంట్లు లోపలికి వచ్చినట్టు తేలింది. అతను నాతో ఒక మాట అన్నాడు: "బాబూ, మీ గొలుసు తప్పని నేననను. కానీ ఇవాళ ఈ ముక్క వదిలేస్తే రేపు ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోమంటారు?" ఈ వాక్యాన్ని కాస్త గుర్తుంచుకోండి. దేశాధినేతలు ఎంతో గంభీరమైన భాషలో చేసిన ప్రకటనలు చదివినప్పుడల్లా నాకు ఆ రైతు మాటే వినిపిస్తుంది.

అయితే ఆ ఊళ్లో రక్తం చిందలేదు. ఎందుకు చిందలేదో తెలుసుకోవడానికి ఇంకొంచెం పెద్ద తగువు చూద్దాం. సాలూరు పైన కొండల్లో కొటియా గ్రామాలున్నాయి. 2022లో జిల్లాలు విడిపోయే వరకు అవి మన విజయనగరం జిల్లా లెక్కలోనే ఉండేవి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా అంచున ఉన్నాయి. ఆ ఇరవై ఒక్క గ్రామాలు తమవని ఆంధ్రప్రదేశ్ అంటుంది, కొరాపుట్ జిల్లాలోవని ఒడిశా అంటుంది. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది, యథాతథ స్థితి కొనసాగించమని కోర్టు చెప్పింది, 2021లో పంచాయతీ ఎన్నికల విషయమై మళ్లీ కోర్టు మెట్లెక్కారు. అక్కడి గిరిజనుల్లో చాలామంది చేతిలో రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు ఉన్నాయి. ఇరువైపుల అధికారులు దారిలో ఒకరినొకరు అడ్డుకున్న సందర్భాలు, మాటామాటా పెరిగిన సందర్భాలు పత్రికల్లో మీరు చదివే ఉంటారు. అర్ధ శతాబ్దం దాటినా తేలని ఈ తగాదా యుద్ధంగా మారుతుందన్న భయం మనలో ఎవరికీ లేదు. రెండు ప్రభుత్వాలకూ పైన ఒక కోర్టు ఉంది. ఆ కోర్టు మాటను ఆలస్యంగానైనా, సణుగుకుంటూనైనా ఇద్దరూ వినక తప్పదు.

దేశాలకు పైన అలాంటి కోర్టు లేదా అని ఇక్కడి విద్యార్థులు అడగవచ్చు. హేగ్ నగరంలో అంతర్జాతీయ న్యాయస్థానం ఉంది. కానీ ప్రతివాది ముందుగానో అప్పటికప్పుడో ఒప్పుకొని ఉంటేనే అది దావా వింటుంది, తీర్పు ఇచ్చిన తరువాత దాన్ని అమలు చేయించడానికి డప్పు వేసుకుంటూ వచ్చే అమీనా ఎవరూ లేరు. కంబోడియా, థాయ్‌లాండ్ సరిహద్దులోని ప్రీహ్ విహార్ ఆలయం కంబోడియాదే అని ఆ న్యాయస్థానం 1962లో తీర్పు చెప్పింది. ఫ్రెంచి అధికారులు తయారుచేసిన పాత పటంలో ఆలయం కంబోడియా వైపు చూపించి ఉండగా సయాం దేశం, అంటే నేటి థాయ్‌లాండ్, దశాబ్దాలపాటు అభ్యంతరం చెప్పకుండా ఊరుకుంది కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన వాదం. గట్టు చెక్కుతుంటే ఊరుకున్నవాడి గతే అది. కానీ తీర్పు వచ్చినంత మాత్రాన తుపాకులు ఊరుకోలేదు. 2008 నుంచి 2011 దాకా ఆ ఆలయం చుట్టూ కాల్పులు జరిగాయి. 2025 జూలైలో ఆ రెండు దేశాలు అదే సరిహద్దు మీద ఐదు రోజులపాటు మళ్లీ ఫిరంగులు పేల్చుకున్నాయి.

ఇక గీతల సంగతికి వస్తాను. నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు నిలబడితే క్షమించాలి. మన పాత గ్రామ పటం స్కేలు మైలుకు పదహారు అంగుళాలు. దాని మీద అంగుళంలో ఇరవయ్యో వంతు మందంతో గీత గీస్తే ఆ గీత కింద నేల మీద పదహారున్నర అడుగులు మరుగున పడతాయి. ఆ పదహారున్నర అడుగులకే ఊళ్లో తలలు పగులుతాయి. 1914లో బ్రిటిష్ ఇండియా తరఫున హెన్రీ మెక్‌మహన్, టిబెట్ ప్రతినిధి కలిసి ఒప్పుకున్న సరిహద్దు పటం స్కేలు అంగుళానికి ఎనిమిది మైళ్లు. అదే మందం గీతను ఆ పటం మీద వేసి చూడండి. నేల మీద రెండు వేల నూరు అడుగులు దాటి గీత కింద దాక్కుంటాయి. ఆ కొండల్లో కొంత భాగాన్ని బెయిలీ, మోర్స్‌హెడ్ అనే ఇద్దరు 1913లో కాలినడకన చూసి వచ్చారు. మిగిలిన చాలా భాగాన్ని అప్పటికి కొలిచిన మనిషి లేడు. పైగా ఆ ఒప్పందాన్ని చైనా అంగీకరించలేదు.

దాని ఫలితం నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్‌కు పడమరగా ఉన్న థాగ్లా శిఖరరేఖ దగ్గర బయటపడింది. పటం మీది గీతను ఉన్నదున్నట్టు నేల మీదకు దించితే అది శిఖరరేఖకు దక్షిణంగా పడుతుంది. ఎత్తైన శిఖరరేఖే సరిహద్దు అన్న సూత్రాన్ని పట్టుకుంటే హద్దు ఉత్తరంగా థాగ్లా మీదకు వెళుతుంది. గీత మాట వినాలా, గీత వెనక ఉన్న ఉద్దేశం మాట వినాలా అన్న ప్రశ్న ప్రతి సర్వేయరూ జీవితంలో పది సార్లయినా ఎదుర్కొనేదే. ఎఫ్.ఎం.బి. కొలత ఒకటి చెబుతుంది, దస్తావేజులో రాసిన "తూర్పున గెడ్డ" అన్న మాట మరొకటి చెబుతుంది, ఆ గెడ్డ, అంటే వాగు, ఈలోగా తన దారి తాను మార్చుకొని ఉంటుంది. రెండు పక్షాలూ కూర్చుంటే రెండు వాదాలకూ బలం ఉందని ఒప్పుకొని మధ్య దారి వెతకవచ్చు. థాగ్లా కింద ఆ కూర్చోవడం జరగలేదు.

ఆ గీతే అన్ని చోట్లా యుద్ధం తెచ్చిందనుకుంటే అది కూడా పొరపాటే. మెక్‌మహన్ రేఖకు తూర్పు కొస బర్మా సరిహద్దు. 1960లో బర్మాతో కుదిరిన ఒప్పందంలో చైనా ఆ పేరును నోటితో పలకకుండానే దాదాపు అదే గీతను అంగీకరించింది. ఒకే కలంతో, ఒకే పటం మీద గీసిన గీత ఒక చోట ఒప్పందంగా ముగిసింది, మరొక చోట యుద్ధంగా ముగిసింది. కాబట్టి కారణం గీతలో కంటే గీతకు అటూ ఇటూ పేరుకుపోయిన అనుమానంలో ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. 1959 మార్చిలో దలైలామా మన దేశానికి శరణు వచ్చారు. టిబెట్‌లో తిరుగుబాటుకు భారతదేశం ఊతమిస్తోందని చైనా అనుకుంది. మరోవైపు లడఖ్‌లోని అక్సాయ్‌చిన్ మీదుగా 1957 నాటికే చైనా రోడ్డు వేసేసిందన్న సంగతి మనవారికి ఆలస్యంగా తెలిసి గుండె భగ్గుమంది. ఒళ్లంతా ఉన్న జ్వరం ఒక చోట కురుపై లేచినట్టు, దేశాల మధ్య ఉన్న సకల అపనమ్మకమూ సరిహద్దు దగ్గరే పైకి తేలుతుంది.

తరువాతి మెట్టు రక్తం. ప్రతి ఏటా అక్టోబరు 21న మన పోలీసు పెరేడ్ మైదానంలో అమరవీరుల సంస్మరణ దినం జరుగుతుంది. తుపాకులు తలకిందులుగా పట్టుకొని, ఆ ఏడాది విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన పోలీసుల పేర్లు చదువుతారు. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో మైదానం బయట బస్సు కోసం నిలబడిన వారిలో చాలామందికి తెలియదు. 1959లో అదే తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది భారతీయ పోలీసులు చనిపోయారు. అంతకు రెండు నెలల ముందే తూర్పు సరిహద్దులోని లోంగ్జూ దగ్గర కాల్పులు జరిగాయి. అప్పటి దాకా రెండు ప్రభుత్వాల మధ్య ఉత్తరాలుగా నడిచిన వ్యవహారం ఆ శవాలతో ఇళ్లలోకి, వీధుల్లోకి, పార్లమెంటులోకి వచ్చింది. 1959 సెప్టెంబరు నుంచి ప్రభుత్వం ఆ ఉత్తరాలను శ్వేతపత్రాలుగా ప్రచురించడం మొదలుపెట్టింది. ప్రజాస్వామ్యంలో అది తప్పు అని నేననను. కానీ నలుగురూ చదివే ఉత్తరంలో ఏ ప్రధానమంత్రీ మెత్తగా ఒక వాక్యం రాయలేడు. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి వారం రోజులు ఉండి వట్టి చేతులతో తిరిగి వెళ్లినప్పటికే ఇరువైపులా వెనకడుగు అన్న మాట బూతు మాటైపోయింది.

ఇక చెక్కుడు మొదలైంది. 1961 నవంబరులో మన ప్రభుత్వం తనదని చెప్పుకుంటున్న నేలలోకి వీలైనంత ముందుకు చిన్న చిన్న పోస్టులు పెట్టుకుంటూ పోవాలని నిర్ణయించింది. అప్పటికే చైనా అదే పని పెద్ద ఎత్తున చేసి ఉంది. పదిహేను ఇరవై మందితో, విమానం నుంచి జారవిడిచిన సరుకుల మీద బతికే పోస్టును ఎదుటివాడి పోస్టు వెనక్కి తీసుకెళ్లి పెట్టడం, దాన్ని అతను చుట్టుముట్టడం, ఆ చుట్టుముట్టిన వాళ్ల పక్కన మనం మరో పోస్టు పెట్టడం. చదరంగం బల్ల మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది. దాని వెనక ఉన్న నమ్మకం ఒక్కటే: ఎదుటివాడు బెదిరిస్తాడు గాని నిజంగా కొట్టడు. ఊళ్లో పార పట్టుకొని గట్టు మీదకు వెళ్లిన ప్రతివాడూ ఇదే నమ్మకంతో వెళతాడు. 1962 జూన్‌లో థాగ్లా కింద, నామ్కా చూ అనే కొండ గెడ్డ దగ్గర ధోలా పోస్టు వెలిసింది. సెప్టెంబరు 8న చైనా సైనికులు కొండ దిగి వచ్చి దాన్ని చుట్టుముట్టారు. అక్టోబరు 12న సిలోన్ ప్రయాణానికి బయలుదేరుతూ నెహ్రూ, మన భూభాగం నుంచి వారిని తొలగించమని సైన్యానికి ఆదేశాలిచ్చినట్టు విలేకరులకు చెప్పారు. పైనున్న శిఖరం అవతలి వారి చేతిలో ఉండగా, చలికాలపు బట్టలు కూడా సరిగా అందని ఒక బ్రిగేడ్ కింద గెడ్డ ఒడ్డున నిలబడి ఉంది. ఆ బ్రిగేడియర్‌కు, ఆయన మీది అధికారుల్లో కొందరికి ఆ పని జరిగేది కాదని తెలుసు. అయినా పత్రికల్లో అచ్చయిన మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి చేతిలోనూ లేకపోయింది. అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి జరిగింది. నెల రోజుల్లో మనవారు సుమారు 1,380 మంది చనిపోయారు, దాదాపు నాలుగు వేల మంది బందీలయ్యారు. నవంబరు 21న చైనా తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించి, తూర్పున ఆ గీతకు ఉత్తరంగా వెనక్కి వెళ్లిపోయింది. నామ్కా చూ ఒడ్డున నిలబడి చూసేవాడికి, వచ్చింది ఎందుకు, వెళ్లింది ఎందుకు అన్న ప్రశ్న ఇప్పటికీ మిగిలే ఉంటుంది.

మాట అచ్చయిపోవడం అన్నాను. దానికి దక్షిణ అమెరికాలో ఇంకా చక్కని ఉదాహరణ ఉంది. బొలీవియా, పరాగ్వే దేశాల మధ్య చాకో అనే విశాలమైన ముళ్లపొదల నేల ఉంది. 1879లో చిలీతో మొదలైన యుద్ధంలో సముద్రతీరం పోగొట్టుకున్న బొలీవియాకు పరాగ్వే నది మీదుగా సముద్రానికి దారి కావాలి. పైగా ఆ నేల కింద చమురు ఉందన్న ఆశ పుట్టింది. రెండు దేశాలూ మొదట తపాలా బిళ్లలతో పోట్లాడుకున్నాయి. బొలీవియా చాకోను తన పేరుతో చూపించే పటం బిళ్ల మీద వేసింది. పరాగ్వే తన బిళ్ల మీద చాకో "ఇంతకు ముందూ మాదే, ఇప్పుడూ మాదే, ఇకముందూ మాదే" అని అచ్చు వేసింది. అత్తగారింటికి రాసే ఉత్తరం మీద కూడా ఆ బిళ్లే. ఇక ఏ మంత్రి మాత్రం సగం మాది, సగం మీది అనగలడు? 1932లో మొదలైన యుద్ధం 1935 దాకా సాగింది. చనిపోయినవారు రెండు వైపులా కలిపి లక్షకు చేరువలో ఉంటారని అంచనా. వారిలో చాలామందిని చంపింది రోగాలు, దాహం. నీటిగుంట ఎవరి చేతిలో ఉంటే పోరు వారిదైంది. ఏ చమురు కోసం అంత ఆశపడ్డారో ఆ చమురు వారు పోరాడిన ఆ నేలలో అప్పట్లో దొరకలేదు.

విజయనగరంలో నిలబడి బొబ్బిలి గురించి మాట్లాడడం ఇప్పటికీ కాస్త చూసుకొని చేయవలసిన పని. సభలో రెండు ఊళ్లవారూ ఉన్నారని నాకు తెలుసు. ఎవరిది తప్పు అన్న జోలికి నేను పోను. పొరుగు సంస్థానాల మధ్య నీళ్ల దగ్గర, పల్లెల మీద పెత్తనం దగ్గర పాత కక్షలు ఉండేవని చెబుతారు. అలాంటి కక్షలు ఆ రోజుల్లో కళింగాంధ్ర అంతటా ఉన్నాయి, ఈటెలతో, బల్లేలతో చల్లారిపోతుండేవి కూడా. ఉత్తర సర్కారుల్లో కప్పం వసూలుకు వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆయన వెంట ఉన్న ఫిరంగులు ఆ కక్షలోకి అడుగు పెట్టడంతో 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో జరిగింది జరిగింది. కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడు గుడారంలో ప్రవేశించి విజయనగరం రాజు విజయరామరాజును చంపడంతో గెలిచినవారికీ ఆ గెలుపు దక్కలేదు. బయటివాడి ఆయుధం చేతికి వచ్చిన తరువాత పొరుగువాడితో సర్దుకుపోవాలన్న బుద్ధి తగ్గుతుంది. ఇక్కడ అంతకు మించి చెప్పను.

నాకు ఇప్పటికీ మింగుడుపడని యుద్ధం 1998లో ఇథియోపియా, ఎరిత్రియాల మధ్య జరిగినది. 1962లో రెండు పెద్ద దేశాలు, రెండు వేరు వేరు రాజకీయాలు. ఇక్కడ అలా కాదు. ఇథియోపియా ప్రధాని మెలెస్ జెనావీ, ఎరిత్రియా అధ్యక్షుడు ఇసయాస్ అఫెవెర్కీ ఇద్దరూ ఒకే సైనిక నియంతృత్వం మీద పక్కపక్కనే తిరుగుబాటు నడిపినవారు. 1991లో గెలిచారు. 1993లో ఎరిత్రియా ప్రజాభిప్రాయంతో, ఇథియోపియా సమ్మతితో స్వతంత్ర దేశమైంది. అంత సఖ్యంగా విడిపోయిన దేశాలు చరిత్రలో తక్కువ. అన్నదమ్ముల్లా ఉన్నారు కాబట్టి హద్దు రాళ్ల గురించి ఎవరూ పట్టించుకోలేదు. వాటాలు పంచుకున్న అన్నదమ్ములు మన మధ్య కొలతలెందుకు అనుకున్న ప్రతి ఇంటికీ ఇరవై ఏళ్ల తరువాత సర్వేయరు వెళ్లవలసి వస్తుంది, నేను వెళ్లాను కూడా.

హద్దు ఆధారాలన్నీ ఇటలీ వలస పాలన నాటివి. 1900, 1902, 1908 సంవత్సరాల్లో ఇటలీ, ఇథియోపియా చేసుకున్న ఒప్పందాలు. 1902 ఒప్పందం ప్రకారం పడమటి హద్దు సెటిట్ నది వెంట మైటెబ్ అనే వాగు కలిసే చోటి దాకా వెళ్లి, అక్కడి నుంచి మారెబ్ నది వైపు తిరుగుతుంది. మైటెబ్ అంటే ఏ వాగు? అసలు చిక్కంతా అదే. ఒకే గెడ్డకు ఎగువ ఊళ్లో ఒక పేరు, దిగువ ఊళ్లో ఒక పేరు ఉండడం మనకు కొత్త కాదు. ఏ వాగును మైటెబ్ అనుకుంటారో దాన్ని బట్టి బాడ్మె అనే చిన్న ఊరు అటు పోతుంది, ఇటు వస్తుంది. ఆ ఊళ్లో చమురు లేదు, బంగారం లేదు, అందమైన పంట భూమి కూడా కాదు. కానీ ఈలోగా 1997 నవంబరులో ఎరిత్రియా నక్ఫా అనే సొంత నాణెం తెచ్చింది. రెండు దేశాల మధ్య వ్యాపారం ఏ డబ్బుతో జరగాలన్న పేచీ మొదలై, అంతవరకు ఉన్న మైత్రి ముక్కలైంది. 1998 మే 6న బాడ్మె దగ్గర జరిగిన ఘర్షణలో కొందరు ఎరిత్రియన్లు చనిపోయారు. ఆరు రోజుల తరువాత, మే 12న ఎరిత్రియా ట్యాంకులతో వచ్చి బాడ్మెను పట్టుకుంది. పాత మిత్రుడే ఇలా చేశాడు కాబట్టి కోపం రెట్టింపైందని నేననుకుంటాను. జూన్ 5న ఇథియోపియా విమానాలు అస్మారా విమానాశ్రయం మీద, ఎరిత్రియా విమానాలు మెకెలె పట్టణం మీద బాంబులు వేశాయి. మెకెలెలో ఒక బడి మీద కూడా పడ్డాయి. తరువాత రెండు దేశాలూ రష్యాలో తయారైన యుద్ధ విమానాలే కొని, 1999లో ఆకాశంలో ఒకదానితో ఒకటి తలపడ్డాయి. తిండిగింజలకు సాయం అడుగుతున్న దేశాలు అవి.

1999 ఫిబ్రవరిలో ఇథియోపియా బాడ్మెను తిరిగి పట్టుకుంది. ఊరు చేతికి వచ్చింది కాబట్టి అక్కడితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు. 2000 మే నెలలో ఎరిత్రియా లోపలికి చొచ్చుకుపోయింది. 2000 డిసెంబరు 12న అల్జీర్స్‌లో శాంతి ఒప్పందం కుదిరే నాటికి డెబ్బై వేల నుంచి లక్ష మంది దాకా చనిపోయి ఉంటారని అంచనాలు చెబుతున్నాయి. ఒప్పందం ప్రకారం ఒక సరిహద్దు సంఘం ఏర్పడి ఆ పాత ఒప్పందాలనే, ఆ వాగు పేరునే మళ్లీ పరిశీలించింది. యుద్ధానికి ముందు ఒక బల్ల చుట్టూ కూర్చొని చేయవలసిన పనే అది. 2002 ఏప్రిల్ 13న సంఘం నిర్ణయం ప్రకటించిన రోజున బాడ్మె తమకే వచ్చిందని ఇథియోపియా సంబరం చేసుకుంది, ఎరిత్రియా కూడా చేసుకుంది. చివరికి తేలింది అది ఎరిత్రియాదని. ఇథియోపియా ఒప్పుకోలేదు, సైన్యాన్ని కదల్చలేదు. రాళ్లు పాతడానికి వీలు లేక ఆ సంఘం 2006లో అక్షాంశ రేఖాంశాల జాబితా ఒకటి తయారుచేసి, ఏడాదిలోగా మీరు రాళ్లు పాతుకోకపోతే ఈ బిందువులే సరిహద్దు అని చెప్పి, 2007లో పని ముగించుకొని వెళ్లిపోయింది. కాగితం మీద బిందువులే తప్ప నేల మీద రాయి లేని సరిహద్దును తలచుకుంటే సర్వేయరుగా నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2018లో అబీ అహ్మద్ ప్రధాని అయిన తరువాత గాని ఇథియోపియా ఆ నిర్ణయాన్ని పూర్తిగా అంగీకరిస్తున్నట్టు చెప్పలేదు. అటు దాడిని మొదలుపెట్టింది ఎరిత్రియా అనీ, అది ఐక్యరాజ్యసమితి నియమావళికి విరుద్ధమనీ 2005లో నష్టపరిహార సంఘం ఒకటి తేల్చింది. అంటే భూమి విషయంలో ఎరిత్రియాది న్యాయం, దాడి విషయంలో ఎరిత్రియాదే తప్పు. రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. మన ఊళ్లో కూడా గొలుసు కొలతలో గెలిచినవాడి మీదే తల పగలగొట్టిన కేసు నడుస్తున్న సందర్భాలు నేను చూశాను.

ఇరాన్, ఇరాక్ సంగతి రెండు వాక్యాల్లో ముగిస్తాను, ఎందుకంటే వరుస అదే. షట్ అల్ అరబ్ నదిలో నావలు నడిచే లోతైన పాయ మధ్యగా హద్దు ఉండాలని 1975లో ఒప్పుకున్న సద్దాం హుస్సేన్ 1980 సెప్టెంబరులో ఆ ఒప్పందం చెల్లదని ప్రకటించి, కొద్ది రోజుల్లోనే యుద్ధం మొదలుపెట్టి, ఎనిమిదేళ్లలో లక్షల ప్రాణాలు పోయిన తరువాత, 1990లో కువైట్ మీద దాడి చేసిన రోజుల్లో అదే పాయ మధ్య గీతకు మళ్లీ ఒప్పుకున్నాడు.

చివరగా ఈక్వెడార్, పెరూ తగాదా. ఇది నాకు ఇష్టమైన కేసు అంటే మీరు తప్పుగా అనుకోకండి, వృత్తిపరంగా అంటున్నాను. 1942లో రియో నగరంలో వారు చేసుకున్న ఒప్పందంలో, ఒక చోట జమోరా, సాంటియాగో నదుల మధ్య ఉన్న జలవిభాజక రేఖే, అంటే వాన నీటిని ఇటు ఒక నదికి, అటు మరొక నదికి పంచే మిట్టే, హద్దు అని రాశారు. ఆ తరువాత విమానాల నుంచి ఫోటోలు తీసి పటాలు తయారుచేస్తే, ఆ రెండు నదుల మధ్యకు సెనెపా అనే మూడో నది అనుకున్న దానికంటే ఎంతో పొడవుగా చొచ్చుకువచ్చి ఉందని తెలిసింది. మధ్యలో మరో నది ఉంటే ఆ రెండిటినీ వేరుచేసే ఒకే రేఖ ఎక్కడిది? దస్తావేజులో రాసిన హద్దు భూమి మీద లేనే లేదు. సుమారు 78 కిలోమీటర్ల మేర రాళ్లు పాతకుండా వదిలేశారు. ఆ వదిలేసిన ముక్క దగ్గరే 1981లో పోరాడుకున్నారు, 1995 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మళ్లీ విమానాలతో సహా పోరాడుకున్నారు. ఆ తరువాత రియో ఒప్పందానికి హామీదారులుగా ఉన్న అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, అమెరికా మధ్యలో కూర్చొని మూడేళ్లకు పైగా మాట్లాడించాయి. గీత దాదాపుగా పెరూ అన్నట్టే పడింది. అయితే ఈక్వెడార్ సైనికులు పోరాడి ప్రాణాలు విడిచిన టివింజా దగ్గర ఒక చదరపు కిలోమీటరు, అంటే మన లెక్కలో సుమారు 247 ఎకరాలు, పెరూ సార్వభౌమాధికారం కిందే ఉంటూ ఈక్వెడార్ ప్రభుత్వానికి సొంత ఆస్తిగా చెందేట్టు 1998 అక్టోబరు 26న ఒప్పందం చేసుకున్నారు. పట్టా ఒకరిది, సర్కారు మరొకరిది. అంత అందమైన సర్దుబాటు నేను మరొక చోట చూడలేదు. ఈక్వెడార్ అధ్యక్షుడికి మొహం పెట్టుకోవడానికి ఒక చోటు దొరికింది, పెరూ అధ్యక్షుడికి గీత దక్కింది.

మా నాగావళి తగువు కూడా చివరికి అలాగే తేలింది. ఊళ్లో పెద్దాయన ఒకరు ఆ రెండున్నర సెంట్ల ముక్కను ఇద్దరి బళ్లకూ పనికొచ్చేట్టు బండిదారిగా వదిలేయమన్నారు. పెద్దవాడు భూమి వదులుకున్నాననుకోలేదు, చిన్నవాడు భూమి పోగొట్టుకున్నాననుకోలేదు. మేము రేవులోని బండను పైకి లాగించి, సబ్బు కడిగించి, బాణం గుర్తు పైకి కనబడేట్టు దాని మూలలో మళ్లీ పాతి వచ్చాం. బండ పోయిందని రేవులోని ఆడవాళ్లు మా చైన్‌మన్‌ను రెండు రోజులు తిట్టారు. ఈక్వెడార్, పెరూ వారు తమ ఆఖరి రాయి పాతింది 1999 మే 13న, రియో ఒప్పందం జరిగిన 57 ఏళ్లకు.